స్వీయ సంరక్షణపై అపోహలు

స్వీయ సంరక్షణ అంటే మనిషి తన ఆరోగ్యాన్ని నిలుపుకోవడానికి, జబ్బు రాకుండా చూసుకోవడానికి, వచ్చిన జబ్బుతో నెగ్గుకురావడానికి రోజూ చేసుకునే పనుల మొత్తం. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనంలో వ్యక్తితో పాటు కుటుంబం, సమాజం కూడా ఉన్నాయి. వైద్య సిబ్బంది తోడు ఉన్నా లేకపోయినా ఈ సామర్థ్యం మనుషుల్లో ఉండాలని ఆ నిర్వచనం చెబుతుంది. తిండి, నిద్ర, శుభ్రత, నడక, వేళకు మాత్ర వేసుకోవడం, రక్తపోటు చూపించుకోవడం, మనసులో బరువును నమ్మకమైనవాళ్లతో చెప్పుకోవడం, పనికి ఒక వేళ పెట్టుకోవడం అన్నీ దీని కిందికే వస్తాయి. అయితే సెల్ఫ్ కేర్ అనగానే చాలామంది కళ్లముందు మెదిలేది బ్యూటీ పార్లరు, స్పా, రిసార్టు. దీనివల్ల రెండు నష్టాలు జరుగుతున్నాయి. డబ్బూ తీరికా లేనివాళ్లు ఇది తమ ఊసు కాదనుకుంటున్నారు. ఉన్నవాళ్లు ఏదో ఒకటి కొనేసి, పని అయిపోయిందనుకుంటున్నారు.

ఎక్కడి నుంచి వచ్చింది

ఇది నిన్నమొన్న విదేశాల నుంచి దిగిన ఫ్యాషన్ అన్న అభిప్రాయం సరికాదు. ఆయుర్వేదంలో స్వస్థవృత్తం పేరుతో ఆరోగ్యవంతుడు పాటించాల్సిన నియమాలకు ఒక విభాగమే ఉంది. వాగ్భటుడి అష్టాంగ హృదయం సూత్రస్థానంలో రెండో అధ్యాయం దినచర్య, మూడోది ఋతుచర్య. పళ్లు తోముకోవడం, ఒంటికి నూనె పట్టించడం, వ్యాయామం, స్నానం వరసగా చెబుతూ, ఎంత బలవంతుడైనా శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలని ఆయన హద్దు పెట్టాడు. విశేషమేమిటంటే, బతుకుతెరువు లేనివాళ్లకు, రోగులకు, దుఃఖంలో ఉన్నవాళ్లకు చేతనైన సాయం చేయాలన్న మాట కూడా అదే అధ్యాయంలో ఉంది. తన ఒంటిని చూసుకోవడానికీ ఎదుటివారిని ఆదుకోవడానికీ మధ్య ఆయన గోడ కట్టలేదు. చరక సంహితలో మలమూత్రాలు, తుమ్ము, ఆకలి, దాహం, కన్నీరు, నిద్ర వంటి 13 సహజ వేగాలను బలవంతాన ఆపుకోకూడదని ఒక అధ్యాయం ఉంది. బస్టాండులో, బడిలో, పనిచేసే చోట మరుగుదొడ్డి సరిగా లేక గంటల తరబడి ఓర్చుకునే ఆడవాళ్లు, ఆ బాధ పడలేక నీళ్లు తాగడమే తగ్గించే ఆడపిల్లలు ఉన్నంతకాలం ఆ అధ్యాయం పాతబడదు.

ఆధునిక వైద్యంలో ఈ భావనకు రూపమిచ్చినవారిలో ముఖ్యురాలు అమెరికా నర్సింగ్ సిద్ధాంతకర్త డొరొతియా ఓరెమ్. 1971లో వెలువడిన తన గ్రంథంలో ఆమె, రోగి తన పనులు తాను చేసుకోలేని మేరకే నర్సు అవసరమనీ, ఆ శక్తిని తిరిగి రాబట్టడం నర్సింగ్‌లో భాగమనీ వివరించింది. 1978లో ఆల్మా ఆటా సదస్సు తమ ఆరోగ్య ఏర్పాట్లలో పాల్గొనడం ప్రజల హక్కూ బాధ్యతా అని ప్రకటించింది. అదే దశాబ్దంలో అమెరికాలో బ్లాక్ పాంథర్ పార్టీ నల్లజాతి పేటల్లో ఉచిత క్లినిక్‌లు నడిపింది. కవయిత్రి ఆడ్రీ లార్డ్ క్యాన్సర్‌తో పోరాడుతూ రాసిన రచనల సంపుటి 1988లో వచ్చింది. అణచివేతకు గురయ్యే మనిషి బతికి ఉండడానికి తనను తాను చూసుకోవడం రాజకీయ చర్యే అన్న ఆలోచన ఆమె వల్ల బాగా ప్రచారంలోకి వచ్చింది.

డాక్టర్లు అందని పల్లెల కోసం డేవిడ్ వెర్నర్ రాసిన పుస్తకాన్ని తెలుగులో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ‘వైద్యుడు లేని చోట’ పేరుతో తెచ్చింది. హైదరాబాదు స్త్రీవాదులు ఆడవాళ్ల ఆరోగ్యం మీద ‘సవాలక్ష సందేహాలు’ తయారుచేశారు. రెండింటి ఉద్దేశం ఒకటే: ఒంటి గురించిన జ్ఞానం డాక్టరు బల్లకు అవతలి వైపే ఉండిపోకూడదు. ఈ చరిత్రలో ఎక్కడా విలాసం లేదు. ఆ రంగు తర్వాత సౌందర్య సాధనాల వ్యాపారం పులిమింది.

స్వార్థమన్న మాట

అన్నిటికన్నా లోతుగా నాటుకున్న అపోహ ఇదే. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమని సామెత చెప్పుకుంటాం కానీ, ఇంట్లో మెచ్చుకునేది మాత్రం తనకు మాలిన ధర్మాన్నే. జ్వరంతోనే వంట చేసిన తల్లిని తరతరాలుగా గొప్పగా చెప్పుకుంటున్నాం. కాసేపు పడుకున్న కోడలికి ఆ గౌరవం దక్కదు.

కేంద్ర గణాంక శాఖ 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు జీతం లేని ఆ చాకిరీకి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తే, మగవాళ్లు వెచ్చించేది 88 నిమిషాలు. పిల్లల్ని, ముసలివాళ్లను, జబ్బుపడ్డవాళ్లను చూసుకునే సమయం దీనికి అదనం. అక్కడా ఆడవాళ్లది 137 నిమిషాలు, మగవాళ్లది 75. నడవండి, నిద్రపోండి, ధ్యానం చేయండి అని చెప్పే సలహాలన్నీ చేతిలో సమయం ఉందని ముందే అనుకుని చెప్పేవే. ఒక ఇంట్లో ఆ సమయం ఎవరికి మిగులుతుందో తేల్చకుండా చెప్పే సలహా ఇల్లాలి మీద ఇంకో పని మోపడమే అవుతుంది.

తిండి దగ్గరా అంతే. అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినడం ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో అలవాటు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం ఉన్నట్టు తేలింది. దీనికి ఇనుము తక్కువైన తిండి, నెలసరి, వరస కాన్పులు, కొంకిపురుగులు ఇలా చాలా కారణాలున్నాయి. భోజనాల వరస మార్చినంత మాత్రాన అన్నీ సర్దుకోవు. కానీ ఐరన్ మాత్రలు ఇంటికొచ్చి కూడా మూలన పడి ఉన్నాయంటే, తన ఒంట్లో నీరసాన్ని జబ్బుగా లెక్కపెట్టే అలవాటు ఆ ఇల్లాలికి ఎవరూ నేర్పలేదని అర్థం.

సేవ చేసేవాళ్ల ఒంటి మీద ఆ భారం ఎలా పడుతుందో కొలిచిన పరిశోధనలున్నాయి. అమెరికాలో షుల్జ్, బీచ్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో, జబ్బుపడ్డ భర్తనో భార్యనో చూసుకుంటూ ఒత్తిడికి గురైన వృద్ధులలో నాలుగేళ్ల కాలంలో మరణించే ముప్పు, అలాంటి బాధ్యత లేనివాళ్లతో పోలిస్తే 63 శాతం ఎక్కువగా కనిపించింది. సేవ చేస్తున్నా ఒత్తిడి లేదన్నవాళ్లలో ఆ ముప్పు పెరగలేదు. అంటే ప్రాణం మీదికి తెచ్చింది సేవ కాదు, ఊపిరి తీసుకునే సందు లేకపోవడం. 1995లో ఓహాయోలో కీకోల్ట్ గ్లేసర్ బృందం మతిమరుపు జబ్బున్నవాళ్లను చూసుకునే స్త్రీల చర్మం మీద చిన్న గాయం చేసి గమనించింది. అది మానడానికి మిగతావాళ్ల కన్నా సగటున 9 రోజులు ఎక్కువ పట్టింది. పక్షవాతం వచ్చిన మామగారికో, మంచాన పడ్డ అత్తగారికో ఏళ్ల తరబడి ఒంటి చేత్తో చేస్తున్న కోడలు వారానికి ఒక పూట బయటికి వెళ్లొస్తానంటే దాన్ని ఇల్లు వదిలేసి తిరగడంగా చూడటం అన్యాయం.

తెలుగు ఇంట్లో ఆడమనిషి సంరక్షణను తప్పుగా చూడని కాలం ఒకటుంది, బాలింతతనం. పుట్టింట్లో తల్లి నూనె రాసి, నలుగు పెట్టి, వేడినీళ్లు పోసి, పథ్యం వండిపెట్టి కూతుర్ని కాలు కదపనివ్వదు. ఆ రోజుల్లో బిడ్డ బాగుండాలంటే తల్లి బాగుండాలన్నది ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. (బాలింతకు నీళ్లు, పప్పు, కూరలు తగ్గించే పద్ధతి మాత్రం హానికరం, దాన్ని వదిలేయాలి.) ఆ ఎరుక కొద్ది నెలలకే చెల్లిపోవడం బాధాకరం.

మగవాళ్ల వైపు ఈ అపోహ ఇంకో వేషంలో ఉంటుంది. దుక్కలా ఉన్న నాకు పరీక్షలెందుకన్నది వాళ్ల మాట. రక్తపోటు, మధుమేహం లోపల్లోపలే ముదురుతాయి, చాలాకాలం బయటికి తెలియవు. అందుకే 30 ఏళ్లు దాటిన అందరికీ వీటి పరీక్షలు జాతీయ కార్యక్రమంలో చేర్చారు. ఊళ్లో ఆరోగ్య ఉపకేంద్రంలో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, హైదరాబాదు బస్తీ దవాఖానాల్లో డబ్బు కట్టకుండా చేయించుకోవచ్చు. ఏడ్వడం, అలసిపోయానని ఒప్పుకోవడం, సాయం అడగడం మగతనానికి తక్కువన్న పెంపకం కూడా ఈ నిర్లక్ష్యంలో భాగమే.

కొనుక్కునే వస్తువా

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం 17 ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. అవి చెప్పేది వైవిధ్యమైన మామూలు భోజనం, ఆకుకూరలు, పప్పులు, తక్కువ ఉప్పు, తక్కువ నూనె. కండలు పెంచుకోవడానికి ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని వాటిలో స్పష్టంగా ఉంది. ఒంట్లో విషాలు కడిగేస్తాయని అమ్మే డీటాక్స్ రసాలూ ఇలాంటివే. ఆరోగ్యవంతుడిలో ఆ పని కాలేయం, మూత్రపిండాలు చేస్తూనే ఉంటాయి.

కొన్ని కొనుగోళ్లు డబ్బుతో పాటు ఒంటినీ పాడుచేస్తాయి. తెల్లబడటానికని మందుల షాపులో అడిగి తెచ్చుకునే స్టిరాయిడ్ క్రీములు నెలల తరబడి రాస్తే ముఖం చర్మం పలచబడి, ఎర్రబారి, మొటిమలు లేస్తాయి. ఆపితే మంట పెరుగుతుంది కాబట్టి మళ్లీ అదే రాస్తారు. తన రంగును తప్పుగా చూసుకోవడంతో మొదలైన పనిని సంరక్షణ అనలేం.

అలాగని హాయినిచ్చేదంతా అనుమానించాల్సిన పని లేదు. ఆదివారం నువ్వుల నూనెతో తలంటి, కుంకుడుకాయ పులుసుతో స్నానం చేసి, మధ్యాహ్నం ఒక కునుకు తీయడం మంచిదే. అట్లతద్దికి ఆడపిల్లలు తెల్లవారకముందే లేచి ఆడుకోవడం, ఉయ్యాలలూగడం కూడా ఒంటికీ మనసుకూ కావలసినవే. వాటికి పెద్ద ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అడగనక్కర్లేని ఆనవాయితీ ఉంది.

సుఖంగా అనిపించేదంతా మేలు చేయదు

నిజమైన సంరక్షణలో చాలాభాగం చప్పగా ఉంటుంది. మధుమేహం ఉన్నవాళ్లకు రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవడం ముఖ్యమైన పని. స్పర్శ తగ్గిన పాదానికి గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు, తెలిసేసరికి కాలు తీయాల్సిన పరిస్థితి రావచ్చు. భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెల్లడించిన లెక్క ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్లు. వాళ్లలో ఎవరికైనా ఆ రెండు నిమిషాల చూపు ఖరీదైన మసాజ్ కన్నా విలువైనది.

అలసట తీరడానికి రెండు పెగ్గులన్నది ఇంకో నమ్మకం. మద్యం తొందరగా నిద్ర పట్టిస్తుంది, కానీ అర్ధరాత్రి తర్వాత నిద్రను చెడగొడుతుంది. ఎంత తక్కువైనా క్షేమకరమనదగ్గ మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. రాత్రి పన్నెండు దాకా ఫోన్ చూడటం మాత్రం కొంచెం సానుభూతితో అర్థం చేసుకోవాల్సిన విషయం. పగలంతా ఆఫీసుకో ఇంటికో ఇచ్చేసిన మనిషికి తనదంటూ దొరికే వేళ అదొక్కటే. పెద్దలకు రోజూ కనీసం 7 గంటల నిద్ర కావాలి, ఫోన్ లాక్కున్నంత మాత్రాన అది రాదు. పగటిపూట తనకంటూ ఓ గంట మిగిలితే రాత్రి మీద పడే ఒత్తిడి తగ్గుతుంది.

అంకెల మూఢనమ్మకాలు

రోజుకు 10,000 అడుగులు నడవాలన్న లెక్క వైద్య పరిశోధనలోంచి పుట్టలేదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది. ఐ మిన్ లీ బృందం 2019లో సగటున 72 ఏళ్ల వయసున్న స్త్రీలను పరిశీలించినప్పుడు, రోజుకు 4,400 అడుగులు నడిచేవాళ్లలో కూడా 2,700 నడిచేవాళ్లకన్నా మరణాలు గణనీయంగా తక్కువగా ఉన్నాయి. 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా కనిపించలేదు. మోకాళ్ల నొప్పులతో పదివేలు చేరలేక మొత్తానికే మానేసిన పెద్దవాళ్లకు ఈ సంగతి చెప్పాలి.

ఎనిమిది గ్లాసుల నీళ్ల కథ కూడా ఇలాంటిదే. 1945లో అమెరికా ఆహార, పోషణ మండలి రోజుకు సుమారు 2.5 లీటర్ల నీరు కావాలంటూ, అందులో ఎక్కువ భాగం ఆహారంలోనే ఉంటుందని చెప్పింది. రెండో మాట జనం మరిచిపోయారు. ఎర్రటి ఎండలో మిరపకాయలు కోసే కూలీకి అంతకన్నా చాలా ఎక్కువ కావాలి. గుండె బలహీనపడినవాళ్లకు, మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్లకు డాక్టరు నీళ్లు తగ్గించమనవచ్చు.

ఎక్కువ కీడు చేసేది 21 రోజుల్లో అలవాటు పడుతుందన్న లెక్క. ప్లాస్టిక్ సర్జన్ మాక్స్‌వెల్ మాల్ట్జ్ తన 1960 నాటి పుస్తకంలో, మారిన ముఖానికి రోగులు అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతుందని రాసింది దీనికి మూలం. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చేసిన అధ్యయనంలో ఒక పని అలవాటుగా స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టింది. ఒక్కొక్కరికి 18 నుంచి 254 దాకా తేడా ఉంది. మధ్యలో ఒకరోజు తప్పినా పెద్దగా నష్టం జరగలేదన్నది అందులో అతి ముఖ్యమైన ఫలితం. నాలుగో వారంలో నడక ఆపేసి, నాకు పట్టుదల లేదని తనను తాను తిట్టుకునే మనిషిలో లోపం లేదు, ఆ లెక్కలోనే లోపం ఉంది.

తిట్టుకుంటేనే బాగుపడతామన్నది కూడా నిలబడే మాట కాదు. 2012లో బ్రైన్స్, చెన్ అనే పరిశోధకులు కష్టమైన పరీక్షలో తప్పిన విద్యార్థులను గమనించారు. తమ పట్ల దయగా ఆలోచించేలా చేసినవాళ్లు రెండో పరీక్షకు మిగతావాళ్లకన్నా ఎక్కువసేపు చదివారు. ర్యాంకుల మీద నడిచే మన కార్పొరేట్ కాలేజీ హాస్టళ్లలో ఈ ఫలితాన్ని పట్టించుకోవాల్సిన అవసరం చాలా ఉంది.

వైద్యానికి బదులా

స్వీయ సంరక్షణ అంటే డాక్టరు దగ్గరికి పోకుండా గడుపుకోవడమన్న అపోహ ప్రాణాలు తీస్తుంది. జలుబుకు యాంటీబయాటిక్ మింగడం ఇందులో ఒకటి. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దానిమీద ఆ మందు పనిచేయదు. చీటీ లేకుండా అమ్మకూడదన్న నియమాలున్నా చాలాచోట్ల అమ్ముతూనే ఉన్నారు. ఒళ్లునొప్పులకు రోజూ నొప్పిమాత్రలు వేసుకుంటే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. బీపీ నార్మల్‌కి వచ్చిందని మాత్ర ఆపేయడం ఇంకో తప్పు. చాలామందిలో అది నార్మల్‌గా ఉన్నది మాత్ర వల్లే.

ఇంట్లోవాళ్ల చేతికి సరైన జ్ఞానం అందితే ఏం జరుగుతుందో ఓఆర్ఎస్ చరిత్ర చూపిస్తుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ కాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించింది, నరానికి ఎక్కించే సెలైన్ అయిపోయింది. డాక్టర్ దిలీప్ మహలనబిస్ చక్కెర, ఉప్పు కలిపిన ద్రావణాన్ని డ్రమ్ముల్లో పెట్టించి, రోగులకు తాగించే పనిని బంధువులకే అప్పగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు తగ్గాయి. ఆ ద్రావణం పాళ్లు తేల్చింది శాస్త్రం, తాగించింది కుటుంబం. విరేచనాలు పట్టుకున్న పిల్లవాడికి ఓఆర్ఎస్ ఇస్తూ, ఎప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలో తెలిసి ఉన్న తల్లి చేసేది అసలైన సంరక్షణ. మూత్రం తగ్గడం, కళ్లు లోతుకు పోవడం, మత్తుగా పడి ఉండటం ఆసుపత్రికి పరిగెత్తాలని చెప్పే గుర్తుల్లో కొన్ని.

మనసు విషయంలో సొంత జాగ్రత్తకూ వైద్యానికీ మధ్య గీత ఇంకా మసకబారింది. దిగులుతో కుంగిపోయినవాళ్లకు గుడికి వెళ్లమని, యోగా చేయమని, సినిమా చూడమని చెబుతారు. అవి మామూలు దిగులుకు ఊరటనివ్వవచ్చు. డిప్రెషన్ చికిత్స కావాల్సిన జబ్బు. బెంగళూరు నిమ్హాన్స్ 2015–16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. నిద్ర, ఆకలి రెండు వారాలకు పైగా చెడి, దేనిమీదా ఆసక్తి లేకుండా పోతే డాక్టరును కలవాలి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు. టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఒంటరి పని అన్న భ్రమ

స్వీయ అన్న మాట ఉంది కాబట్టి ఎవరికి వారే చేసుకోవాలని, చేసుకోలేకపోతే తప్పు వాళ్లదేనని అనుకోవడం సులువు. 2010లో హోల్ట్ లన్‌స్టాడ్ బృందం మూడు లక్షల మందికి పైగా పాల్గొన్న 148 అధ్యయనాలను కలిపి చూస్తే, బలమైన అనుబంధాలున్నవాళ్లు బతికి ఉండే అవకాశం 50 శాతం ఎక్కువగా కనిపించింది. అమెరికాలో, గల్ఫ్‌లో ఒంటరిగా ఉంటున్న తెలుగువాళ్లకు, పిల్లలు దూరదేశాల్లో ఉండగా ఇక్కడ పెద్ద ఇళ్లలో ఇద్దరే మిగిలిన తల్లిదండ్రులకు పొద్దున పార్కులో కలిసే నలుగురు కూడా మందుల పెట్టెలో భాగమే.

ఉద్యోగపు అలసటనూ ఇలాగే చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ బర్నవుట్‌ను జబ్బుగా కాక, అదుపు చేయని ఉద్యోగ ఒత్తిడి ఫలితంగా నమోదు చేసింది. రెండు షిఫ్టుల పని ఒకరి మీద వేసి, శుక్రవారం మధ్యాహ్నం ధ్యానం క్లాసు పెట్టే కంపెనీ ఆ ఒత్తిడి మూలాన్ని ముట్టుకోవడం లేదు.

మూలాన్నే కలిసికట్టుగా ఎదుర్కొన్నవాళ్లూ ఉన్నారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. తాగొచ్చిన భర్త చేతి దెబ్బలు, కూలిడబ్బులు పోయి పిల్లల పస్తులు ఒక్కో ఇంట్లో ఒక్కో ఆడమనిషి విడిగా ఓర్చుకున్న బాధలే. అవి రాష్ట్రమంతటా ఉద్యమమై, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం తెచ్చాయి. ఆరోగ్య గ్రంథాల్లో ఈ ఉద్యమాన్ని స్వీయ సంరక్షణ అధ్యాయంలో చేర్చరు, చేర్చాలి.

ఇలాంటిదే మరో సందర్భం బట్టల దుకాణాల్లో సేల్స్ పనిచేసే అమ్మాయిలది. పది గంటలు నిలబడే ఉద్యోగంలో కాళ్ల వాపు, నరాలు ఉబ్బడం, నడుంనొప్పి మామూలు. కాళ్లకు నూనె రాసుకోమని, రాత్రి దిండు మీద కాళ్లు ఎత్తిపెట్టుకోమని చెప్పే సలహాలు తప్పు కావు, కానీ తెల్లారితే మళ్లీ పది గంటలు నిలబడాలి. కేరళలో ఈ ఉద్యోగినులు కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడారు. 2018లో అక్కడి ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి, పనివేళల్లో కూర్చోవడానికి ఏర్పాటు చేయడం యజమానుల బాధ్యత చేసింది. 2021లో తమిళనాడు కూడా అదే పని చేసింది.